శిక్ష పదేళ్లు, శిక్షణ పదిహేను గంటలు

రాజధాని నుంచి వచ్చే వారపు లేఖలో పార్లమెంటు సంగతులు, మంత్రుల మాటలు, పార్టీల మంతనాలు ఉండాలని పాఠకులు ఆశించటం సహజం. ఈ వారం ఆ ఆశ నెరవేర్చలేకపోతున్నందుకు మన్నించాలి. దగ్గర బంధువుల ఇంట ఒక శుభకార్యం నిమిత్తం హజ్రత్ నిజాముద్దీన్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాయ్‌పూర్ వెళ్లాను. అక్కడ గుఢియారీ అనే పేటలో నాలుగు రోజులు గడిపి వచ్చాను. విశాఖపట్నం దాకా పోయే తెలుగువారికి రాయ్‌పూర్ నడుమ తగిలే ఒక స్టేషను మాత్రమే. కాని ఢిల్లీలో కూర్చొని చేసిన చట్టం ఊళ్లోకి చేరేసరికి ఏ రూపు దాలుస్తుందో తెలుసుకోవాలంటే పత్రికా రచయిత అప్పుడప్పుడూ అటువంటి మజిలీలో దిగక తప్పదు.

గుఢియారీ రాయ్‌పూర్ రైల్వేస్టేషనుకు, పట్టాలకు ఆవలి వైపున ఉన్నది. ధాన్యం, పప్పులు, కిరాణా సరుకుల టోకు వ్యాపారానికి పేరుబడిన పేట. తెల్లవారకముందే లారీలు వచ్చి బారులు తీరుతాయి. హమాలీలు, చిన్న సరుకు బళ్లు, సైకిళ్లు, బడిపిల్లల రిక్షాలు అన్నీ ఆ లారీల సందుల్లోంచే దారి వెతుక్కొంటాయి. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తి అయినది. ఆ దారి వెంట రైలు పనుల కోసం, వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం కోసం, ఆ తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. తాతలు పట్టాలను నమ్ముకొని బ్రతికారు. మనుమలు రోడ్డును నమ్ముకొంటున్నారు. రైల్వేలో ఉద్యోగం దుర్లభమైన ఈ కాలంలో పేదింటి కుర్రవాడి చేతికి అందగల మొదటి యోగ్యతాపత్రం డ్రైవింగు లైసెన్సే.

మా మేనత్త కొడుకు, నాకు వరసకు బావ, తన పెద్ద కుమారుడిని ఆ దారిలో పెట్టదలచాడు. కుర్రవాడికి ఇరవై ఏళ్లు. ఇంటర్మీడియట్ మధ్యలో ఆగిపోయినది. టోకు బజారులో ఒక వ్యాపారి, లైసెన్సు తెచ్చుకొంటే సరుకు బండి అప్పగిస్తానని మాట ఇచ్చాడట. పెళ్లి భోజనాలు ముగిసిన మధ్యాహ్నం బావ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ఢిల్లీలో పెద్దవాళ్ల మధ్య తిరుగుతావు కదా బావా! ఇక్కడ డ్రైవింగు నేర్పే బళ్లు రెండున్నాయి. రెండూ సర్కారు లైసెన్సు ఉన్నవేనట. ఎందులో వేయమంటావు?" అని అడిగాడు.

నాకు తెలిసినంతలో చట్టం చూసి చెబుతానన్నాను. ముందు బళ్లు చూద్దామని బయలుదేరాను.

మొదటి బడిలో అంతా సక్రమంగా కనిపించినది. గోడ మీద లైసెన్సు అద్దాల చట్రంలో ఉన్నది. ట్రాఫిక్ గుర్తుల పటం ఉన్నది. శిక్షకుడి పేరు, అర్హతలు రాసిన పలక ఉన్నది. పలక మీది పెద్దమనిషి పదో తరగతి ప్యాసైనవాడు, మోటారు మెకానిక్ సర్టిఫికెట్ కలవాడు, అయిదేళ్లకు పైగా అనుభవం కలవాడు. కాని కారులో పిల్లల పక్కన కూర్చొని నేర్పుతున్నది ఆయన కాదు. మీసం సరిగా మొలవని ఒక యువకుడు. పలక మీది ఆయన ఎక్కడున్నారని అడిగితే, "ఆయన ఎప్పుడైనా వస్తుంటారు" అని సమాధానం వచ్చినది. యువకుడు ఒక చేత్తో స్టీరింగు సర్దుతూ, మరొక చేత్తో ఫోను చూసుకొంటూ పాఠం చెబుతున్నాడు.

రెండవ బడికి వెళ్లాను. అక్కడా లైసెన్సు ఉన్నది, పటం ఉన్నది, పలక ఉన్నది. అక్కడా పలక మీది మనిషి కారులో లేడు. ఆ స్థానంలో ఉన్నది అరవై ఏళ్లు దాటిన ఒక ముసలి డ్రైవరు. పార్వతీపురం వైపు నుంచి తండ్రి కాలంలో వచ్చిన కుటుంబం. పదిహేనో ఏట లారీ క్లీనరుగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా రాయ్‌పూర్ నుంచి కోరాపుట్ కొండల మీదుగా విశాఖపట్నం దాకా లారీ నడిపాడు. చూపు కొంత మందగించిన తరువాత రాత్రి ప్రయాణాలు మాని ఈ బడిలో చేరాడు. ఆయన పేరు రాయటం లేదు. రాస్తే ఆయనకే ముప్పు. ఎందుకంటే చట్టం దృష్టిలో ఆయన శిక్షకుడు కాడు.

ఆయన పాఠం చెప్పే తీరు ఒక పూటంతా కూర్చొని చూశాను. కొత్తగా వచ్చిన కుర్రవాడిని మొదటి రోజు ఇంజను ముట్టనివ్వలేదు. బజారులో నిలిపి ఉన్న ఒక లారీ యజమానిని అడిగి, కుర్రవాడిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టాడు. తాను ఒక సైకిలు పట్టుకొని లారీ ముందు ఎడమ మూలకు పోయి నిలబడి, "కనిపిస్తున్నానా?" అని కేక వేశాడు. లేదన్నాడు కుర్రవాడు. వెనక చక్రం దగ్గరకు వెళ్లి మళ్లీ అడిగాడు. లేదన్నాడు. సరిగ్గా వెనకకు వెళ్లి అడిగాడు. మాటే వినిపించలేదు. అప్పుడు దగ్గరకు వచ్చి, "నువ్వు చూడలేని చోట్లు ఇవి. మనిషి ఎప్పుడూ అక్కడే ఉంటాడనుకో. ఇవాళ్టికి ఇంతే, పో" అన్నాడు.

ఆయనతో టీ తాగుతూ మాట్లాడాను. "బాబుగారూ, తిన్నగా పోవటం ఎవడికైనా వారంలో వస్తుంది. కొండ దిగటం నేర్పాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఊరికే బ్రేకు తొక్కుకొంటూ దిగితే కొంత దూరం పోయాక బ్రేకు పట్టదు. ఇది పుస్తకంలో చదివి నేను నేర్చుకోలేదు. నా ఉస్తాదు చెంప మీద కొట్టి నేర్పాడు. నేను కొట్టను, చెబుతాను. కాని నేను చెప్పకూడదట కదా!" అన్నాడు.

చెప్పకూడదన్న మాట నిజమేనా? నిజమే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 12వ సెక్షను డ్రైవింగు బళ్లకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని కల్పించినది. దాని కింద 1989లో చేసిన కేంద్ర నిబంధనలలో 24వ నిబంధన ఆ బడి ఎట్లా ఉండాలో వివరంగా చెబుతుంది. పాఠం చెప్పే గది ఉండాలి. ఏ తరగతి వాహనం నేర్పుతారో ఆ తరగతి వాహనం ఒకటైనా సొంతానికి ఉండాలి. మోటారు సైకిలు తప్ప మిగిలిన వాటికి శిక్షకుడు కూడా ఆపగలిగేటట్టు రెండవ బ్రేకు అమర్చి ఉండాలి. నల్లబల్ల, గుర్తుల పటాలు, ఇంజను భాగాలను చూపే పటం, జాకీ, స్పానర్లు, పంక్చరు సామాను, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ఇక శిక్షకుడు కనీసం పదో తరగతి ప్యాసై ఉండాలి. అయిదేళ్ల డ్రైవింగు అనుభవం, దానికి తోడు గుర్తింపు గల సంస్థ నుంచి మోటారు మెకానిక్ సర్టిఫికెట్ గాని అంతకు మించిన ఇంజనీరింగు చదువు గాని ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు క్షుణ్ణంగా తెలియాలి. వాహన భాగాల పని చూపించి వివరించగలగాలి. ఇంగ్లీషు గాని ఆ ప్రాంతీయ భాష గాని రావాలి.

నిబంధనలు అమలులోకి రాకముందు వరుసగా అయిదేళ్లు శిక్షకుడుగా పనిచేసిన వారికి ఈ అర్హతల నుంచి మినహాయింపు ఇచ్చారు. మా ముసలి డ్రైవరుకు ఆ మినహాయింపు వర్తించదు. 1989 నాటికి ఆయన క్లీనరుగిరీ ముగించి అప్పుడే స్టీరింగు పట్టినవాడు. ఏడో తరగతితో చదువు ఆపినవాడు. అయిదేళ్ల అనుభవం కావలసిన చోట ఆయనకు ముప్పై ఏళ్లున్నది. మోటారు మెకానిక్ సర్టిఫికెట్ లేదు. కాని దారిలో చెడిపోయిన లారీని అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో బాగుచేసి గమ్యం చేర్చిన వేళలు ఎన్నో లెక్కలేదు.

ఈ నిబంధనలు అర్థం లేనివని నేను అనను. లైసెన్సు లేకుండా ఎవడు పడితే వాడు వీధిలో డ్రైవింగు నేర్పే కాలంలో ఇవి వచ్చాయి. రెండవ బ్రేకు అనే ఒక్క షరతు ఎన్ని ప్రాణాలను కాపాడి ఉంటుందో! కాని నిబంధనను మొదటి నుంచి చివరిదాకా చదివి చూడండి. శిక్షకుడికి ఏమి తెలిసి ఉండాలో ఉన్నది, ఏ కాగితం ఉండాలో ఉన్నది. వాహన భాగాలను వివరించగలగాలని ఉన్నది. భయంతో చేతులు వణికే కుర్రవాడికి రద్దీలో బండి నడపటం నేర్పగలడా లేదా అన్నది ఎవరైనా పక్కన కూర్చొని పరీక్షించాలని మాత్రం ఎక్కడా లేదు. గోడ మీది మనిషే కారులో ఉన్నాడా అని చూసే ఏర్పాటు కాగితం మీద ఉంటే ఉండవచ్చు, గుఢియారీలో కనిపించలేదు. పైగా లైసెన్సు బడికి గాని మనిషికి కాదు. బడి లైసెన్సు అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ అవుతుంది. మనిషి మారితే చిరునామా మారినంత సులభంగా మారిపోతాడు.

ఫలితం ఏమిటి? రెండు బళ్లూ చట్టం ఎదుట సమానం. రెండింటిలోనూ అర్హుడి పేరు గోడ మీద ఉన్నది, అనర్హుడు కారులో ఉన్నాడు. ఒక అనర్హుడు ఫోను చూసుకొంటున్నాడు. మరొక అనర్హుడు సైకిలు పట్టుకొని లారీ మూలన నిలబడి ప్రాణం విలువ నేర్పుతున్నాడు. ఈ ఇద్దరి మధ్య తేడా పసిగట్టలేని నిబంధన నిజాయితీపరుడిని దొంగచాటుగా బ్రతకమంటున్నది, దొంగకు నిజాయితీ ముసుగు తొడుగుతున్నది.

ఎంత కాలం నేర్పాలన్నది కూడా నిబంధనలలోనే ఉన్నది. 31వ నిబంధన ప్రకారం సొంత వాహనాల తరగతికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపే కాలం 10 గంటలకు తగ్గకూడదు. రవాణా వాహనాలకు 30 రోజులు, నడిపే కాలం 15 గంటలు. ఇది కనీసపు మాట. మన దేశంలో కనీసం అన్నదే గరిష్ఠం కావటం ఆనవాయితీ. ఆ గంటలు కూడా నిజంగా నడిపినవా, లేక రిజిస్టరులో మాత్రమే నడిచినవా అన్నది పాఠకులు తమ తమ ఊళ్ల అనుభవంతో చెప్పగలరు. ఢిల్లీ వచ్చిన కొత్తలో నేను నేర్చుకొన్న బడిలో నా పేరు ఎదుట రాసుకొన్న గంటలకు, నేను స్టీరింగు పట్టిన గంటలకు సగానికి సగం వ్యత్యాసం ఉన్నది. పరీక్షలో నెగ్గాను కనుక నేనూ ఫిర్యాదు చేయలేదు. ఆ నేరంలో నా వంతూ ఉన్నది.

నిజం చెప్పాలంటే ఈ దేశంలో లారీ డ్రైవర్లను తయారు చేస్తున్న బడి వేరే ఉన్నది. అది లారీలో క్లీనరు కూర్చొనే ఎడమ సీటు. రెండు మూడేళ్లు బండి కడిగి, చక్రాలు విప్పి, ఉస్తాదుకు టీ తెచ్చి, రాత్రి వేళ ఖాళీ రోడ్డు మీద కొద్దిసేపు స్టీరింగు పట్టి, చూసి చూసి నేర్చుకొంటారు. ఉస్తాదు మంచివాడైతే శిష్యుడు మంచి డ్రైవరు అవుతాడు. ఉస్తాదు తాగి నడిపేవాడైతే అదే విద్య వస్తుంది. ఈ గురుశిష్య పరంపరను చట్టం గుర్తించదు, దిద్దదు. లైసెన్సు కావలసిన నాడు ఆ కుర్రవాడు ఒక బడికి పోయి రుసుము చెల్లించి సర్టిఫికెట్ తెచ్చుకొంటాడు. నేర్పినవాడు ఒకడు, సంతకం చేసినవాడు మరొకడు. రేపు ప్రమాదం జరిగితే ఇద్దరిలో ఎవరినీ ఎవరూ అడగరు.

డ్రైవరును మాత్రం అడుగుతారు. పాఠకులకు 2024 జనవరి మొదటి రోజులు గుర్తుండే ఉంటాయి. కొత్త భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను రెండవ ఉపవిభాగం ప్రకారం, నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి మరణానికి కారకుడై, పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు విధించవచ్చు. దేశమంతటా లారీలు ఆగిపోయాయి. పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. హైదరాబాదులోనూ అదే దృశ్యం. కేంద్ర హోం శాఖ కార్యదర్శి రవాణా సంఘాల ప్రతినిధులతో చర్చించి, వారిని సంప్రదించిన తరువాతే ఆ నిబంధన అమలు సంగతి నిర్ణయిస్తామని హామీ ఇచ్చిన మీదట సమ్మె ఆగినది. 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని పక్కన ఉంచారు.

గాయపడినవాణ్ణి రోడ్డు మీద వదలి పారిపోయేవాడిని శిక్షించవలసిందే. అందులో రెండు అభిప్రాయాలు లేవు. కాని ఆ రోజులలో ఢిల్లీలో జరిగిన చర్చలు వింటూ నేను ఒక లెక్క వేసుకొన్నాను. చట్టసభ ఆమోదించిన శిక్ష పదేళ్లు. అదే ప్రభుత్వ నిబంధనలు విధించిన శిక్షణ 15 గంటలు. శిక్ష గురించి పార్లమెంటులో మాట్లాడినవారున్నారు, వీధిలో పోరాడినవారున్నారు. శిక్షణ గురించి, శిక్షకుడి గురించి అటు ప్రభుత్వ పక్షం గాని ఇటు ప్రతిపక్షం గాని సమ్మె చేసిన సంఘాలు గాని గట్టిగా మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

పోయిన ప్రాణాల లెక్క స్వల్పమా? కేంద్ర రవాణా శాఖ ప్రచురించిన వివరాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. రోజుకు 460 మందికి పైగా. 2024 మే 20న ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు కోసి వస్తున్న గిరిజనులతో నిండిన సరుకు బండి లోయలో పడి 19 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ స్త్రీలే. 2025 నవంబరు 3న మన చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర లారీ, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించారు. ఈ ప్రమాదాలకు శిక్షణ లోపమే కారణమని నేను అనటం లేదు. ఒక్కొక్క ప్రమాదానికి రోడ్డు, బండి, బరువు, అలసట, వేళ అన్నీ కారణాలవుతాయి. కాని ప్రతి ప్రమాదం తరువాతా డ్రైవరు లైసెన్సు చూస్తాము. ఆ లైసెన్సు వెనుక ఎవరు నేర్పారో, ఎన్ని గంటలు నేర్పారో ఏ విచారణ నివేదికలోనైనా చదివామా?

సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న ఇచ్చిన ఒక తీర్పుతో ఈ ప్రశ్న మరింత పదునెక్కినది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలిక వాహనపు లైసెన్సు ఉన్నవాడు ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసినది. అటువంటి డ్రైవర్ల వల్లనే ప్రమాదాలు పెరుగుతున్నాయని చూపే ఆధారాలేవీ తమ ముందుకు రాలేదని కూడా అన్నది. లక్షలాది మంది బ్రతుకుతెరువును, ప్రమాద బాధితుల నష్టపరిహారాన్ని కాపాడిన తీర్పు అది. దానిని నేను స్వాగతిస్తాను. అయితే దాని తాత్పర్యం గమనించాలి. చిన్న కారులో 10 గంటలు నేర్చుకొన్న కుర్రవాడు రేపు ఏడు టన్నుల బరువు బండితో గుఢియారీ బజారులోకి రావచ్చు. మా బావ కొడుకు చేయబోయేది సరిగా అదే. అంటే చిన్న కారు నేర్పే శిక్షకుడు ఇక షికారుకు పోయేవారికి మాత్రమే గురువు కాడు. సరుకు బండి డ్రైవరుకు అతడే మొదటి గురువు, చాలామందికి చివరి గురువు కూడా.

ప్రభుత్వం ఏమీ చేయటం లేదని అంటే అన్యాయమవుతుంది. 2019 సవరణ చట్టం తరువాత, 2021 జూన్‌లో గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రాల నిబంధనలు వెలువడి జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. తేలిక వాహనాలకు ఎకరం, భారీ వాహనాలకు రెండెకరాల స్థలం ఉండాలి. తరగతి గదులు, కృత్రిమంగా బండి నడిపించే యంత్రం, పరీక్షా మార్గం ఉండాలి. శిక్షకుడు పన్నెండో తరగతి ప్యాసై, అయిదేళ్ల అనుభవం కలవాడై ఉండాలి. తేలిక వాహనానికి నాలుగు వారాలలో 29 గంటలు, భారీ వాహనానికి ఆరు వారాలలో 38 గంటలు శిక్షణ. అక్కడ నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగు పరీక్ష ఉండదు. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉన్నదని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. ఆ కొరత తీర్చటానికి ఇటువంటి కేంద్రాలు అవసరమే. రాయ్‌పూర్ కొత్త రాజధాని ప్రాంతంలోని తెందువాలోను, మన ప్రకాశం జిల్లా దర్శిలోను, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోను పెద్ద శిక్షణ సంస్థలు నెలకొన్నాయి.

గంటలు పెరిగాయి, యంత్రాలు వచ్చాయి. సంతోషమే. కాని అర్హత మెట్టు పదో తరగతి నుంచి పన్నెండుకు జరిగినదే తప్ప నేర్పగల శక్తికి పరీక్ష ఇక్కడా రాలేదు. ఇక పరీక్ష మినహాయింపు సంగతి ఆలోచించండి. ఇదివరకు బడి ఎంత అశ్రద్ధగా నేర్పినా చివరికి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఎదుట ఒకసారి బండి నడిపి చూపవలసి వచ్చేది. ఇప్పుడు నేర్పినవాడే పరీక్షకుడు. ఫీజు చెల్లించినవాడిని తప్పించటానికి ఎందరు యజమానులకు మనసు వస్తుంది? శిక్షకుడి చేతికి ఇంత అధికారం ఇచ్చినప్పుడు అతడి యోగ్యతను అంత నిశితంగానూ పరీక్షించాలి కదా!

మరొక సంగతి. గుఢియారీలో ఎకరం నేల ఎక్కడ దొరుకుతుంది? పేటలో ఉన్న చిన్న బళ్లు ఆ స్థాయికి ఎన్నటికీ చేరవు. ఊరి బయట ఉన్న పెద్ద కేంద్రానికి కూలి మానుకొని నాలుగు వారాలు తిరగటం బజారు కుర్రవాడికి సాధ్యం కాదు. కనుక పెద్ద కేంద్రాలు ఎన్ని వచ్చినా దేశంలో అత్యధికులు చిన్న బళ్లలోనే నేర్చుకొంటారు. సంస్కరణ అంతా పెద్ద కేంద్రంలోనే ఆగిపోతే, చిన్న బడి ఇప్పుడున్న చోటనే ఉండిపోతుంది.

రవాణా వాహనం నడిపేవాడికి ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. చదువు లేకపోయినా పని తెలిసినవారికి బ్రతుకుతెరువు దొరకాలన్నది ఉద్దేశం. మంచిదే. కాని చదవలేని శిష్యుడికి పుస్తకం ఉపయోగపడదు. గురువు నోటి మాటే శరణ్యం. ఆ మాట అతడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. గుఢియారీలో తెలుగు ఇంట పుట్టినవాడు, ఒడియా వాడు, ఛత్తీస్‌గఢీ పల్లె నుంచి వచ్చినవాడు ఒకే బండిలో నేర్చుకొంటారు. మా ముసలి డ్రైవరు ముగ్గురికీ ముగ్గురి భాషలో చెబుతాడు. ఈ అర్హతకు ఏ బోర్డూ సర్టిఫికెట్ ఇవ్వదు.

ఇతర దేశాల సంగతి చూద్దాం. బ్రిటన్‌లో 1960లలో శిక్షకుల పట్టికను ఐచ్ఛికంగా ప్రారంభించి 1970 నుంచి తప్పనిసరి చేశారు. డబ్బు తీసుకొని కారు నడపటం నేర్పదలచినవాడు మూడు పరీక్షలు నెగ్గాలి. మొదటిది రోడ్డు నియమాల జ్ఞానం, రెండవది తాను నడిపే తీరు, మూడవది నేర్పే తీరు. మూడవ దానిలో పరీక్షకుడు బండిలో కూర్చొని పాఠం చెప్పే విధానాన్నే చూస్తాడు. పట్టికలో చేరిన తరువాత కూడా నాలుగేళ్లకు ఒకసారైనా ఆ పరీక్షకు నిలబడాలి. అక్కడ లైసెన్సు మనిషికి; బడికి కాదు. అంత దూరం పోనక్కరలేదు. మన ఆర్టీసీ సంస్థలు కొత్తగా చేరిన డ్రైవరుకు లైసెన్సు ఉన్నా సరే, తమ శిక్షకుల దగ్గర మళ్లీ నేర్పించి గాని ప్రయాణికులను అప్పగించవు. ఆ శిక్షకులు ఏళ్ల తరబడి బస్సు నడిపి పేరు తెచ్చుకొన్న డ్రైవర్లలోంచే వస్తారు. అనుభవజ్ఞుడిని గురువుగా మలచటం మనకు తెలియని విద్య కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. "మరొక పరీక్ష పెడితే మరొక కిటికీ తెరిచినట్టే, ఆ కిటికీ దగ్గర మరొక మామూలు మొదలవుతుంది, ఉన్న నిబంధనలే అమలు కాని చోట కొత్తవి దేనికి?" అని అంటారు. ఇది తేలికగా తీసిపారేయదగిన మాట కాదు. నలభై ఏళ్లుగా ఢిల్లీలో లైసెన్సుల రాజ్యాన్ని చూసినవాణ్ణి గనుక నేనూ దీనిని ఆలోచించాను. నా సమాధానం ఇది: కాగితాలు పెంచమని నేను అడగటం లేదు, కాగితాన్ని తగ్గించి మనిషిని చూడమంటున్నాను.

అందుకు కావలసినవి పెద్ద పనులు కావు. మొదటిది, లైసెన్సు బడితో పాటు శిక్షకుడికి వ్యక్తిగతంగా ఇవ్వాలి. అతడి ఫోటో ఉన్న బిళ్ల గోడ మీద కాదు, బండిలో శిష్యుడికి కనిపించేటట్టు ఉండాలి. రెండవది, అయిదేళ్లకొకసారి పరీక్షకుడు ఆ బండి వెనక సీటులో ఒక గంట కూర్చొని పాఠం వినాలి. మూడవది, పదిహేనేళ్లు మచ్చలేకుండా భారీ వాహనం నడిపిన డ్రైవరుకు పదో తరగతి, మెకానిక్ సర్టిఫికెట్ లేకపోయినా, ఐ.టి.ఐ.లో గాని తెందువా వంటి సంస్థలో గాని కొన్ని వారాల పాఠం చెప్పి, నోటి పరీక్ష, నేర్పు పరీక్ష పెట్టి శిక్షకుడుగా గుర్తించాలి. అప్పుడు ఎడమ సీటులోని ఉస్తాదు కూడా చట్టం వెలుగులోకి వస్తాడు. నాలుగవది, శిష్యుడి సర్టిఫికెట్ మీద బడి ముద్రతో పాటు నేర్పినవాడి పేరు ఉండాలి. ఒకే శిక్షకుడి శిష్యులు పదే పదే ప్రమాదాలు చేస్తుంటే ఆ పట్టిక తనంతట తానే మాట్లాడుతుంది.

మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం. కేంద్రం నిబంధన మార్చవలసి ఉన్నా, బండిలో ఉన్నది ఎవరో చూడటానికి రాష్ట్రాలు ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారికి పూనుకొన్నారు. ఆ దారి వెంట ఛత్తీస్‌గఢ్ కుర్రవాళ్లు మన రేవుకు వస్తారు, మనవాళ్లు వారి గనులకు పోతారు. రోడ్డు వెడల్పు కావటానికి వేల కోట్లు వెచ్చిస్తున్న ప్రభుత్వాలు, ఆ రోడ్డు మీద నడిపేవాడికి నేర్పే గురువు విషయంలో ఇంత పొదుపు చూపటం వివేకం కాదు.

బావకు ఏమి చెప్పానని పాఠకులు అడుగుతారు. చట్టం చదివి చెబుతానన్నాను కదా. చట్టం ప్రకారం రెండు బళ్లూ ఒకటేనని చెప్పాను. ఆ తరువాత, ముసలాయన దగ్గర చేర్పించమన్నాను. చట్టాన్ని గౌరవించే పత్రికా రచయితగా నేను ఇవ్వవలసిన సలహా అది కాదేమో. కాని కుర్రవాడు మా ఇంటివాడు.

తిరుగు రైలు ఎక్కే రోజు ఉదయం టోకు బజారు దాటుతుంటే ఎల్ బోర్డు కట్టిన కారు ఎదురైనది. మా వాడు స్టీరింగు దగ్గర చెమటలు కక్కుతున్నాడు. నన్ను చూసి "మామయ్యా!" అని చెయ్యి ఎత్తబోయాడు. పక్కనున్న ముసలాయన ఆ చేతిని మెల్లగా పట్టి మళ్లీ స్టీరింగు మీద పెట్టి, ముందుకు చూడమన్నాడు. ఆయన పాదం రెండవ బ్రేకు మీద సిద్ధంగా ఉన్నది. పార్లమెంటు వచ్చే సమావేశాలలో రవాణా శాఖ ప్రశ్నోత్తరాల నాడు ఏ సభ్యుడైనా లేచి, ఈ దేశంలో డ్రైవింగు నేర్పుతున్నవారు ఎందరు, వారిలో నేర్పటం వచ్చునని పరీక్షించి చూసినవారు ఎందరు అని అడిగితే, మంత్రిగారి జవాబును ఈ లేఖలోనే పాఠకులకు అందజేస్తాను.